నేను ముందు తాగిన గ్లాసు

ఏప్రిల్ 4, 2021. ఆదివారం, ఈస్టర్. గుంటూరు బ్రాడీపేట

ఈ డైరీ షారోన్ ఇచ్చింది. మా అబ్బాయి బెన్నీ కూతురు. ఎవరో కోల్డ్ స్టోరేజీ వాళ్ళు పంచిందంట. మూడు నెలల కాగితాలు ఊరికే పోయాయి, నానమ్మా నువ్వు రాసుకో అంది. బీపీ బిళ్ళ వేసుకుందీ లేందీ రాస్తే చాలంట. నేను చదివింది మూడో తరగతి. బైబిలు చదువుతాను గానీ రాయటం అలవాటు తప్పింది. తప్పులుంటే ఎవరు చూస్తారు.

బిళ్ళ వేసుకున్నాను.

ఇక్కడి చర్చిలో ప్రభు భోజనం చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పుల్లో ఇచ్చారు, కరోనా అని. మా ఊళ్ళో ఇప్పటికీ ఒకే గిన్నె. ప్లాస్టిక్ కప్పులో తాగుతుంటే బస్టాండులో టీ తాగినట్టుంది.

బెన్నీ దగ్గుతున్నాడు. కోచింగ్ సెంటర్లో పిల్లలకి లెక్కలు చెబుతాడు, అక్కడి ఏసీ పడలేదంట. నాకు ఒకటే దడ. సంచీలో శొంఠి, మిరియాలు తెచ్చుకున్నాను, కాచి ఇచ్చాను. ముందు నేను ఒక గుక్క తాగి వాడికిచ్చాను. మా అమ్మ పద్ధతి అది. మందు ఇచ్చే మనిషి ముందు తాను తాగాలి, అప్పుడే పుచ్చుకునేవాళ్ళకి నమ్మకం. వాడు సగం తాగి ఘాటమ్మా అని పక్కన పెట్టాడు. పారబొయ్యటం ఎందుకని మిగతాది నేనే తాగాను.

ఏప్రిల్ 6, మంగళవారం

ఇంటికొచ్చాను. బస్సులో పక్కాయన మాస్కు గడ్డం కింద పెట్టుకుని తుమ్ముతూనే ఉన్నాడు. మూడుసార్లు సీటు మారాను. దిగాక సంచీ అక్కడే మర్చిపోయానేమోనని భయం. చేతిలోనే ఉంది.

నాగేంద్రబాబు గారి కల్లంలో తాలుకాయలు ఏరే పనికి రమ్మన్నారు. ఎండిన మిరపకాయల్లోంచి తెల్లబడ్డ కాయలు ఏరి పక్కన పెట్టాలి. కూర్చుని చేసే పని, ముసలాళ్ళకి ఇదే దిక్కు. జైతున్‌బీ కూడా వస్తుంది. సాయిబుల వీధి మా పల్లెకి ఆనుకునే ఉంది. ముప్పయ్యేళ్ళుగా నా పక్కనే కూర్చుని ఏరుతుంది. అక్కా అక్కా అని నోరు ముయ్యదు.

ఆశా వర్కర్ హెలెన్ వచ్చింది. టీకా వేయించుకో పెద్దమ్మా, పెద్దవాళ్ళందరికీ వేస్తున్నారు అంది. నాకెందుకులే అన్నాను. నిరుడంతా మా పల్లెలో ఒక్కళ్ళకీ రాలేదు. ఆదెమ్మ కషాయం వల్లే అన్నారు. పాస్టరు అయ్యగారు ప్రార్థనలో కూడా చెప్పారు. అందులో ఏముంది. తిప్పతీగ, శొంఠి, మిరియాలు, పసుపు, వాము, కాస్త బెల్లం. మా అమ్మ కాచేది, నేనూ కాచాను. దానివల్లేనా అంటే నాకు తెలియదు. కాదని మాత్రం ఎవరికీ చెప్పలేదు. పక్క ఊళ్ళ నించి కూడా సీసాలు పట్టుకుని వచ్చేవాళ్ళు. డెబ్భయ్యేళ్ళు వచ్చాక మొదటిసారి నన్ను ఆదెమ్మ గారు అన్నారు.

జైతున్‌బీ కూడా టీకా వద్దంది. అక్కకి అక్కర్లేంది నాకెందుకు అంది. హెలెన్ ఇద్దరినీ చూసి, కానివ్వండి, ఇద్దరూ కలిసి నా నెత్తిన కూర్చోండి అని వెళ్ళిపోయింది.

బిళ్ళ వేసుకున్నాను.

ఏప్రిల్ 9, శుక్రవారం. మధ్యాహ్నం

బెన్నీ ఫోను. వాడికి పాజిటివ్ అంట. అమ్మా నువ్వు పధ్నాలుగు రోజులు గడప దాటొద్దు, హెలెన్‌కి చెప్పి టెస్టు చేయించుకో అన్నాడు. సరే అన్నాను. వాడికేమవుతుందోనని బైబిలు తీసి కూర్చున్నాను.

అదే రోజు సాయంత్రం

హెలెన్ వీధిలో వెళ్తుంటే చూశాను. పిలవలేదు. కషాయం కాచే మనిషికే వచ్చిందంటే ఏమనుకుంటారు. అయినా నాకేమీ లేదు. ఈ వొళ్ళు నొప్పులు రోజూ ఉండేవే.

బిళ్ళ వేసుకున్నానో లేదో గుర్తులేదు.

ఏప్రిల్ 10, శనివారం

కల్లానికి వెళ్ళాను.

వెళ్ళకూడదనే అనుకున్నాను. పొద్దున్నే నాగేంద్రబాబు గారు మనిషిని పంపారు. మళ్ళీ కరోనా వచ్చిందంటున్నారు, అందరూ భయపడుతున్నారు, ఆదెమ్మని కషాయం కాచిపెట్టమను అన్నారంట. కుదరదు అంటే ఎందుకని అడుగుతారు. వెళ్ళాను. పత్తి కట్టె మంట పెట్టి పెద్ద డేగిసా నిండా కాచాను. వొళ్ళు వెచ్చగా ఉంది, పొయ్యి దగ్గర కూర్చుంటే అంతే కదా అనుకున్నాను. దగ్గు వచ్చింది. ఆ ఘాటులో దగ్గనిదెవరు. కాయలు కదిలిస్తే చాలు అందరూ దగ్గేవాళ్ళే, తుమ్మేవాళ్ళే. ఎవరూ నా వంక చూడలేదు.

మా అమ్మ ఇత్తడి గ్లాసు ఒకటే ఉంది. అదే కొలత. ప్రతిసారీ ముంచి, నేను ఒక గుక్క తాగి, ఇచ్చాను. జైతున్‌బీ తాగింది. కాపలా ఆదాం తాగాడు. ఆదాం ఎప్పుడూ పరాచికాలే. మొదటి ఆదాం కూడా ఆడమనిషి ఇచ్చిందే నోట్లో పెట్టుకున్నాడు, నేనెంత అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. మా పల్లె వాళ్ళు ఆరుగురు తాగారు. నాగేంద్రబాబు గారి వైపు వాళ్ళు నలుగురు మాత్రం నేను తాగింది తాగరు. విడిగా పోయించుకుని, పెదాలకి తగలకుండా ఎత్తి పోసుకున్నారు. వాళ్ళ ఎంగిలి పట్టింపు ఎప్పుడూ ఉన్నదే. నాకు లోపల కొంచెం కష్టంగానే ఉంటుంది.

బెన్నీ సంగతి ఎవరికీ చెప్పలేదు.

ఏప్రిల్ 11, ఆదివారం

చర్చికి పోలేదు. మోకాళ్ళు అని చెప్పి పంపాను. తాలింపులో ఎండుమిరపకాయలు నల్లగా మాడిపోయాయి. పక్కింటామె దగ్గుకుంటూ వచ్చి, ఏం ఆదెమ్మా ఊరు తగలబెడతావా అంది. నాకు వాసనే రాలేదు.

ఏప్రిల్ 13, మంగళవారం

నిన్న జైతున్‌బీ కొడుకు సుభానీ వచ్చాడు. చీమకుర్తిలో రాయి లారీ తోలుతాడు, నెలకోసారి వస్తాడు. పెళ్ళాం సమీరా, ఏడాది పిల్ల ఇక్కడే జైతున్‌బీ దగ్గర ఉంటారు. రేపటి నించి రంజాను రోజాలు కదా, ఖర్జూరాలు తెచ్చాడంట. ఇవాళ మా గడప ముందు నిలబడి నమస్తే పెద్దమ్మా అన్నాడు. ముక్కు మీదకి మాస్కు ఉంది. లోపలికి రారా అంటే, వద్దులే, మాది రోడ్డు మీద తిరిగే పని, మీరు పెద్దవాళ్ళు అన్నాడు.

నేను తలుపు చాటున ఉండి మాట్లాడాను. నా సంగతి నాకు తెలుసు.

ఏప్రిల్ 15, గురువారం

ఆదాముకి జ్వరమంట. జైతున్‌బీకి కూడా. నీళ్ళు కాస్తూ ఎంతసేపు కూర్చున్నానో నీళ్ళన్నీ ఇగిరిపోయాయి.

ఏప్రిల్ 17, శనివారం

హెలెన్ అందరికీ టెస్టులు చేయించింది. ఆదాం, జైతున్‌బీ, మా పల్లెలో ఇంకో నలుగురు, పాజిటివ్. సుభానీకి నెగెటివ్. సమీరాకి నెగెటివ్. నేను వెళ్ళలేదు. మోకాళ్ళే మళ్ళీ. నాకు జ్వరం పోయింది. వాసన ఇంకా రాలేదు. అగరొత్తి వెలిగించి ముక్కు దగ్గర పెట్టుకుని చూశాను. పక్కింటామె చూసి, నువ్వూ అగరొత్తులు వెలిగిస్తున్నావా, అయ్యగారికి చెప్పమంటావా అంది. దోమలకి అన్నాను. ఎన్ని అబద్ధాలు ఈ నోటికి.

కూర్చుని లెక్కేసుకున్నాను. గ్లాసు నోట్లో పెట్టుకున్నవాళ్ళు ఎనిమిది మంది. ఆరుగురికి వచ్చింది. ఎత్తి పోసుకున్న నలుగురికీ ఏమీ లేదు.

ఏప్రిల్ 18, ఆదివారం

సుభానీ తెచ్చాడు అంటున్నారు.

చీమకుర్తి క్వారీల్లో ఎక్కడెక్కడి వాళ్ళో పనిచేస్తారు, అక్కడి నించి లారీలో ఎక్కించుకొచ్చాడంట. నెగెటివ్ వచ్చింది కదా అని హెలెన్ అంటే, ఆ పుల్ల ముక్కులో సరిగ్గా పెట్టి ఉండరులే అన్నారంట. వాడు వచ్చింది పన్నెండున. మర్నాడే నా గడప ముందు దూరంగా నిలబడ్డాడు. నాకు వొళ్ళు కాలింది పదిన. ఇది ఒక్క నాకే తెలుసు.

పక్కింటామె గోడ మీదుగా అడిగింది, నీకేం అనిపిస్తుంది ఆదెమ్మా, వాడే కదా అని. నేను ఊఁ అన్నాను.

ఊఁ అన్నాను. వేరే ఏమీ అనలేదు. ఆ మాట చాలు.

ఏప్రిల్ 20, మంగళవారం

ఆదాం పోయాడు. గుంటూరు ఆసుపత్రిలో, తెల్లారుజామున. ఇంటికి తేలేదు, అక్కడే పాతిపెట్టారంట. పెళ్ళాం రాహేలు ఇంట్లో ఒక్కతే ఉంది. ఎవరూ పోవటానికి లేదు. వీధి చివర నిలబడి ఏడిచాను. నా పక్కన నిలబడ్డామె నా భుజం తట్టి, నువ్వెంతమందిని కాపాడావో, ఈ ఒక్కడికి రాసిపెట్టి లేదు అంది.

బిళ్ళ వేసుకోవాలనిపించలేదు. వేసుకున్నాను.

ఏప్రిల్ 22, గురువారం

పాలకేంద్రం అతను సమీరాకి పాలు పొయ్యనన్నాడంట. కుళాయి దగ్గరికి రావద్దన్నారంట. సుభానీ పొలాల్లో బోరు దగ్గరికి పోయి నీళ్ళు మోసుకొస్తున్నాడు. లారీ ఊరి బయట పెట్టుకోమన్నారు. దాని అద్దం మీద ఎవరో రాయి వేశారు.

బెన్నీకి తగ్గింది, దేవుడి దయ. ఫోనులో వాడికి చెప్పాను మొత్తం. అంతా విన్నాడు. తర్వాత, అమ్మా నోరు విప్పొద్దు అన్నాడు. రేపు నీ ఇంటికీ పాలు ఆపుతారు, అద్దాలు కాదు నీ తలుపే పగలగొడతారు, నేను రాలేను, చెబుతున్నా విను అన్నాడు. వాడికి నా మీద ప్రేమే. నా భయానికి వాడి ప్రేమ తోడైంది. ఇద్దరం కలిసి నింద సుభానీ మీద పెట్టాం.

ఏప్రిల్ 24, శనివారం

హెలెన్ ఇంటికి చెబుదామని వెళ్ళాను. రెండుసార్లు సందు మలుపు దాకా పోయి తిరిగొచ్చాను. మూడోసారి ఆమే కనబడింది. ఏంటి పెద్దమ్మా అలా తిరుగుతున్నావు అంది. తలనొప్పి, బిళ్ళలు ఉన్నాయేమోనని అన్నాను. నాలుగు బిళ్ళలిచ్చింది. మూడు పూటలా తిని వేసుకో, చాలా నీరసించిపోయావు, ఊరి దిగులంతా నువ్వే పెట్టుకుంటావు అంది.

బిళ్ళలు అలమారలో పెట్టాను. నాకు తలనొప్పి లేదు.

ఏప్రిల్ 26, సోమవారం

జైతున్‌బీకి ఆయాసం. పొద్దున నించీ అంబులెన్సు రాలేదు. ఆటోవాళ్ళు ఎవరూ ఎక్కించుకోలేదు, ఆ ఇంటి మనిషి అని. సుభానీ లారీ తెచ్చాడు. అంత ఎత్తు క్యాబిన్లోకి ఆమెని ఎత్తుకుని ఎక్కించాడు. అద్దం పగిలిన చోట అట్టముక్క అంటించి ఉంది. చుట్టూ ఇళ్ళ వాళ్ళందరం కిటికీల్లోంచి చూస్తున్నాం. ఆమె చీర కుచ్చిళ్ళు తలుపులో ఇరుక్కుంటే మళ్ళీ తీసి సర్దాడు.

నేను కిటికీలోంచే చూశాను. ముప్పయ్యేళ్ళు నా పక్కన కూర్చున్న మనిషి. బయటికి పోలేదు.

ఏప్రిల్ 27, మంగళవారం

బెడ్డు దొరికిందంట. ఆక్సిజన్ మీద ఉందంట. ఇది హెలెన్ వేరే వాళ్ళకి చెబుతుంటే విన్నాను.

మే 2, ఆదివారం

చర్చి ఆవరణలో దూరం దూరంగా కూర్చోబెట్టి ప్రార్థన చేశారు. సాక్ష్యాలు చెప్పేవాళ్ళు లేవండి అన్నారు అయ్యగారు. లేచాను. ఈసారి మోకాళ్ళని అడ్డం పెట్టుకోలేదు.

చెప్పాను. నాకే ముందు వచ్చింది, బెన్నీ చెప్పినా దాచాను, జ్వరంతోనే కల్లానికి పోయాను, నా ఎంగిలి గ్లాసు అందరి నోటికీ అందించాను, సుభానీకి దీంతో ఏ సంబంధమూ లేదు అన్నాను. అంతా చెప్పాను.

అయ్యగారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. చూశారా, ఇతరుల నిందని తన మీద వేసుకునే తల్లి మనసు అన్నారు. అందరూ స్తోత్రం అన్నారు. కషాయం తాగే మనిషికి కరోనా ఎట్లా వస్తుంది అని వెనక ఎవరో అన్నారు. కాదు, నిజం అన్నాను. కూర్చోమ్మా, దేవుడు నీ మనసు చూశాడు అన్నారు అయ్యగారు. కూర్చున్నాను.

ఒక్క నిమిషం హాయిగా అనిపించింది. చెప్పానన్న తృప్తీ ఉంది, మంచిదాన్నన్న పేరూ ఉంది. ఇది రాయకపోతే ఈ పుస్తకంలో కూడా అబద్ధమే ఉన్నట్టు.

మే 3, సోమవారం

సమీరాకి పాలు ఇవాళ కూడా పొయ్యలేదు.

మే 4, మంగళవారం

రాహేలు దగ్గరికి వెళ్ళాను. మొగుడు పోయాక రెండు వారాలు ఆమె గడప దాటలేదు. నేను వాకిట్లో నేల మీద కూర్చున్నాను. ఆమె లోపల మంచం మీద ఉంది. చెప్పాను. చర్చిలో చెప్పినట్టు కాదు, ముక్కలు ముక్కలుగా వచ్చింది. ఏడవకూడదనుకున్నాను. ఏడిస్తే ఆమే నన్ను ఓదార్చాల్సి వస్తుంది.

ఆమె ఆశ్చర్యపోలేదు. నాకు తెలుసు అంది.

ఆ రోజు ఇంటికొచ్చి ఆదాం చెప్పాడంట. గ్లాసు అందుకున్నప్పుడు ఆదెమ్మ చెయ్యి పెనంలా కాలిపోతోంది, అంత జ్వరంలోనూ మన కోసం కాచింది, తాగకపోతే చిన్నబుచ్చుకుంటుందని తాగేశాను అన్నాడంట.

తెలిసి తాగాడు. అంతమందిలో పరాచికమాడి, నవ్వించి తాగాడు.

మరి ఎందుకు చెప్పలేదే అన్నాను. నువ్వు చెబుతావని చూశాను అంది. రోజూ చూశాను, ఇవాళ చెబుతుంది, రేపు చెబుతుంది అని. పోయినాయన మాట నేను చెబితే ఎవరు వింటారు, నువ్వు బతికే ఉన్నావు కదా అంది.

చర్చిలో చెప్పానే అన్నాను. అవును, మెచ్చుకున్నారంట కదా అంది.

తర్వాత లేచి చెప్పులేసుకుని బయటికొచ్చింది. నా మణికట్టు పట్టుకుంది. నడువు అంది. పాలకేంద్రం దగ్గర సాయంత్రం పాల కోసం అందరూ క్యాన్లు పెట్టుకుని నిలబడి ఉన్నారు. ఇప్పుడు చెప్పు, నేను పక్కన ఉండగా చెప్పు అంది. చెప్పాను. ఒకామె, పాపం ఆదెమ్మ మంచిది కాబట్టి అని మొదలుపెట్టింది. రాహేలు ఆమెని మాట్లాడనివ్వలేదు. మంచిదనకండి, మొగుడు పోయింది నాకు, మంచిదో కాదో నేను చెబుతా, ఆమె చెప్పింది నిజం అంది.

అందరూ క్యాన్లు తీసుకుని రెండడుగులు వెనక్కి జరిగారు. పాలకేంద్రం అతను కొలత గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడి, మరి నేను ఇన్నాళ్ళూ ఆ పసిపిల్లకి పాలు పొయ్యలేదే అన్నాడు. నన్ను అడిగాడో, తనలో తాను అనుకున్నాడో.

రాహేలు నా చెయ్యి వదిలేసి ఇంటికి పోయింది. వెనక్కి చూడలేదు.

మే 5, బుధవారం

పాలకేంద్రం అతనే క్యాను పట్టుకుని సమీరా ఇంటికి వెళ్ళాడంట. వద్దందంట. మా పిల్ల పాలపొడికి అలవాటు పడింది, మీ గేదెలకి మా గాలి ఎందుకు అందంట. బాగా అంది.

కుళాయి దగ్గర సుభానీని ఎవరూ ఆపలేదు. బిందె నింపుకుని మా ఇంటి ముందు నించే పోయాడు. నమస్తే పెద్దమ్మా అన్నాడు, ఎప్పటిలాగే. తిట్టి ఉంటే తల ఎత్తి చూసేదాన్నేమో.

పక్కింటామె గోడ దగ్గరికి రాలేదు. అయ్యగారు ఫోనులో ప్రార్థన చేశారు, కాస్త త్వరగా ముగించారు. బెన్నీ తిట్టాడు. తర్వాత ఏడిచాడు. షారోన్ ఫోను లాక్కుని, నానమ్మా బిళ్ళ వేసుకున్నావా అంది.

వేసుకున్నాను.

మే 8, శనివారం

హెలెన్ వచ్చింది. గుమ్మంలో నిలబడి తేదీలన్నీ అడిగి కాగితం మీద రాసుకుంది. ఆ రోజు నా దగ్గర బిళ్ళలు తీసుకున్నావే, అప్పుడు చెప్పాల్సింది కదా పెద్దమ్మా అంది. అవునమ్మా అన్నాను. అప్పటికే ఆదాం పోయాడు గానీ, మిగిలినవాళ్ళకైనా మంచిగా ఉండేది అంది. గట్టిగా ఏమీ అనలేదు. అలమారలో ఉన్న నాలుగు బిళ్ళలు తెచ్చి ఇవ్వబోయాను. వాటిని ఏం చేసుకోను అంది.

మే 11, మంగళవారం

జైతున్‌బీ నిన్న ఇంటికొచ్చింది. సగమైపోయిందంట. నాకు పోవటానికి మొహం లేదు. మధ్యాహ్నం తనే ఫోను చేసింది. మాట మాటకీ ఆగి ఊపిరి తీసుకుంటోంది.

అక్కా అంది.

గ్లాసు సంగతి వదిలెయ్యి అంది. ఒంట్లో బాగోలేకపోయినా అందరి కోసం కాచావు, నీకేం తెలుసు, నేనూ నవ్వుతూనే తాగాను. అది నేను ఎవరి దగ్గరా ఎత్తను అంది. చాలాసేపు ఊపిరి తీసుకుంది. కానీ నా కొడుకు బోరు నించి నీళ్ళు మోస్తుంటే నీ కిటికీలోంచి చూశావే, నన్ను లారీ ఎక్కిస్తుంటే కూడా చూశావు, నాకు కనబడ్డావు. అది తెలియక చేసింది కాదు కదక్కా అంది.

కాదు అన్నాను.

ఊఁ అంది. సమీరా పిలుస్తోంది, మందు టైమయింది అని పెట్టేసింది.

మళ్ళీ చేస్తానని అనలేదు. నేనూ అడగలేదు.

మే 16, ఆదివారం

పొద్దున్నే ఎవరో బైకు మీద వచ్చారు. మన వైపు మనిషి కాదు, వినుకొండ అవతల నించంట. సీటు మీద రెండు లీటర్ల ఖాళీ సీసా కట్టుకుని వచ్చాడు. కషాయం ఆదెమ్మ గారి ఇల్లు ఇదేనా అన్నాడు. ఇంట్లో ముగ్గురికి జ్వరమంట. నేను దూరంగా నిలబడి మొత్తం చెప్పాను. ఆదాం సంగతి, గ్లాసు సంగతి, సుభానీ సంగతి. ఒక్కటీ దాచలేదు. డాక్టరు దగ్గరికి పో నాయనా అన్నాను. ఆయన తల వంచుకుని అంతా విన్నాడు.

విన్నాక, అయినా సరే, సగం సీసా అయినా పొయ్యండి అన్నాడు.

తలుపు వేసుకున్నాను. ఇది రాస్తున్నంతసేపూ బయటే ఉన్నాడు.